చేపలు తర్వాత, ముందు కబాంబా

అక్వేరియం పెట్టాలనుకున్న ప్రతివాళ్ళూ ముందు చేపలు కొంటారు. ఆ పని చెయ్యకండి. ట్యాంకు తెచ్చాక రెండు నెలలపాటు అందులో కబాంబా అనే నీటి మొక్క తప్ప ఇంకేదీ ఉండకూడదు. గోల్డ్‌ఫిష్ కావాలని పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. ఈకల్లాంటి ఆ ఆకుల్ని గోల్డ్‌ఫిష్ కొరికి కొరికి మోడు కాడలు మిగులుస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి.

షాపుల్లో అంబులియా అనే మొక్కను కూడా కబాంబా పేరుతోనే అంటగడతారు. కణుపు దగ్గర చూడండి. ఎదురెదురుగా రెండే ఆకులుండి, వాటికి చిన్న తొడిమ ఉంటే కబాంబా. కాడ చుట్టూరా ఆకులుండి, తొడిమ లేకపోతే అంబులియా. రెండోది మన వరిమళ్ళలోనూ మొలుస్తుంది, మన వేడికి ఓర్చుకుంటుంది. తెలిసినవాళ్ళంతా అదే కొనమంటారు. నేను వద్దంటాను. తనంతట తాను బతికే మొక్కకి మనతో పనేముంది?

ఐదారు కాడలకి స్పాంజీ ముక్క చుట్టి, సీసం పట్టీ బిగించి కట్టగా ఇస్తారు. దాన్ని అలాగే ఇసుకలో దింపితే వారం తిరక్కుండా అడుగు కుళ్ళుతుంది. ఇంటికి రాగానే పట్టీ విప్పండి. స్పాంజీ కింద కాడ నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా చితికిపోతుంది. పచ్చగా, గట్టిగా ఉన్న కణుపు తగిలేదాకా పైకి వెళ్ళి, దాని కిందనే పదునైన కత్తెరతో కొయ్యండి. కింది రెండు కణుపుల ఆకులు గిల్లేయండి. వేళ్ళు పుట్టేది ఆ కణుపుల నుంచే. రెండున్నర అంగుళాల మందాన పరిచిన సన్న ఇసుకలో ఒక్కో కాడనూ విడివిడిగా, కాస్త ఏటవాలుగా గుచ్చండి. మధ్యలో రెండు వేళ్ళ ఎడం ఉండాలి. ఒత్తుగా నాటితే నీడకి కింది ఆకులన్నీ రాలిపోతాయి. రంగురాళ్ళు మాత్రం కొనకండి. అంత పెద్ద గులకల మధ్య కాడ నిలవదు, తేలిపోతుంది.

ట్యాంకు ఈశాన్యంలో ఉండాలని వాస్తు చెప్పేవాళ్ళుంటారు. ఈశాన్యంలో కిటికీ ఉండి పొద్దుటెండ నేరుగా పడుతుంటే, వాస్తుని పక్కనపెట్టి ఎండ తగలని గోడకి మార్చండి. అందుకోసం టీవీని తీయాల్సి వచ్చినా సరే. లైటు రోజుకి ఎనిమిది గంటలు, టైమరు మీద. రాత్రి చుట్టాలొచ్చి చూస్తామంటే మర్నాడు పగలు రమ్మనండి. లైటు ఎక్కువైతే పాచి పడుతుంది. వెడల్పాటి ఆకు మీద పాచిని వేలితో తుడవచ్చు. కబాంబా పోగుల మధ్య చిక్కుకుంటే తుడిచే దారి లేదు, ఆ కొమ్మ కోసెయ్యాల్సిందే.

బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కబాంబా కోరేది మెత్తటి నీళ్ళు. ఇంటికొచ్చే రెండు ఆర్వో క్యాన్లలో ఒకటి దీనికే కేటాయించి, సగానికి సగం బోరు నీళ్ళతో కలిపి పొయ్యండి. ఒట్టి ఆర్వో నీళ్ళయితే ఖనిజాలుండవు. కుళాయి నీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ పోయేలా ఒకరోజు బకెట్లో తెరిచి ఉంచండి.

ఇక ఏప్రిల్, మే. నీళ్ళు ముప్ఫై డిగ్రీలు దాటితే కణుపుల మధ్య కాడ సాగిపోయి, ఆకులు పలచబడి, కరిగిపోవడం మొదలవుతుంది. ఇంట్లో ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యానే అయినా దాన్ని నీటి మీదికి తిప్పండి. నీరు ఆవిరవుతూ ఒకటి రెండు డిగ్రీలు చల్లబడుతుంది. మనం చెమట తుడుచుకుంటాం, అది ఎక్కడికి పోతుంది?

చిటికెడు యూరియా వెయ్యమనే సలహా ఒకటుంది. వినకండి. అది నీళ్ళలో అమ్మోనియాగా మారుతుంది, పాచిని పెంచుతుంది, చేపలుంటే చంపుతుంది. కొత్త చిగురు తెల్లబారితే ఇనుము తక్కువైందని అర్థం. అక్వేరియం మొక్కల కోసం అమ్మే ద్రవ ఎరువు చాలు. రెండు నెలలు గడిచి, చిగుళ్ళు నీటి అంచు తాకాక, కావాలంటే ఓ ఆరు నియాన్ టెట్రా చేపలు వెయ్యండి. వాటికీ మెత్తటి నీళ్ళే నప్పుతాయి. వాటి మలం మొక్కకి ఎరువు, వాటిని పెంచడానికి ఆ కారణం చాలు.

అప్పటినుంచి కత్తెర పని ఆగదు. కొనలు కోసి మళ్ళీ నాటుతూ ఉండాలి, మిగిలిన ముక్కల దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. కేరళలో కోళికోడ్ జిల్లా ఆవళపాండి దగ్గర 2020లో కాలువ నిండా గులాబీ రంగు పూలు పూస్తే జనం ఎగబడి చూశారు. అవి ఈ కబాంబాకే చెల్లెలైన ఇంకో జాతివి, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన నీళ్ళని ఆక్రమించినవి. మనం పెంచే కబాంబాను ఆస్ట్రేలియా 1999లోనే జాతీయ స్థాయి కలుపు మొక్కల్లో చేర్చింది. కణుపున్న చిన్న తునక చాలు, కొత్త మొక్క మొలవడానికి. కోసిన ముక్కల్ని సింకులో, నాలాలో, చెరువులో వెయ్యకండి. మేడ మీద ఎండబెట్టి, పెళపెళలాడాక కరివేపాకు కుండీలో కలపండి.