ముందు కేబినెట్ విప్పు నాయనా

మా రోజుల్లో గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే ముందు కేబినెట్ పక్క రేకు విప్పేవాళ్లం. బోర్డు మీద ఏజీపీ స్లాట్ ఉందా, ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లది, లోపల ఎంత జాగా ఉంది, అన్నీ చీటీ మీద రాసుకుని కోల్‌కతా చాందినీ చౌక్‌కి బయల్దేరేవాళ్లం. ఇప్పుడు మా వాట్‌గంజ్ సందుల్లో ఏ కుర్రాణ్ణి కదిపినా "తాతా, ఫిఫ్టీ సిక్స్టీ తీసుకోనా, ఫిఫ్టీ సెవెంటీ తీసుకోనా" అని నంబర్లు చదువుతాడు. నీ ప్రాసెసర్ ఏంట్రా అంటే నీళ్లు నములుతాడు. మానిటర్ ఎన్ని హెర్ట్జ్‌ది అంటే "ఫుల్ హెచ్‌డీ తాతా" అంటాడు. అడిగిందేంటి, చెప్పిందేంటి!

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఖిదిర్‌పూర్ డాక్‌లో పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. నేను ఇంటి ముందుగదిలో సైబర్ కేఫ్ పెట్టాను. 2003లో కౌంటర్ స్ట్రైక్ 1.6 వచ్చాక సాయంత్రమైతే ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. మన తెలుగు పిల్లలు, బిహారీ పిల్లలు, బెంగాలీ పిల్లలు డస్ట్ టూ మ్యాప్ మీద మూడు భాషల్లో అరుచుకుంటుంటే వీధి చివరికి వినపడేది. అన్నానికి రమ్మని వచ్చిన తల్లులు గుమ్మంలో నిలబడి అంతకంటే గట్టిగా అరిచేవారు. నిన్ను కాల్చినవాడు పక్క కుర్చీలోనే ఉండేవాడు, వాడి మొహం చూసి తిట్టుకోవచ్చు. ఇప్పుడు ఎవడి గదిలో వాడు హెడ్‌సెట్ తగిలించుకుని, ముంబై సర్వర్లో మొహం తెలియనివాడి చేతిలో చస్తున్నాడు. ఇదొక ఆటా?

సరే, కార్డు సంగతి. మా కేఫ్‌లో అన్నీ డబ్బా మానిటర్లు. తెరను 800 బై 600కి దించి, రిఫ్రెష్ రేటు 100 హెర్ట్జ్‌కి పెంచి ఆడేవాళ్లు. ఆ ఆటలో మామూలుగా ఫ్రేములు కూడా వంద దగ్గరే ఆగేవి. కార్డు ఆ వందా నిలకడగా ఇస్తే చాలు, ఆ పైన పెట్టే ప్రతి రూపాయీ దండగ. లెక్క అంత తేలిక. తర్వాత పల్చటి ఎల్‌సీడీలు వచ్చాయి. బల్ల మీద చోటు కలిసొచ్చిందని అందరూ మురిసిపోతుంటే 100 కాస్తా 60కి దిగిపోయింది. అలా పోగొట్టినదాన్నే ఇప్పుడు 144 అనీ 240 అనీ మళ్లీ మనకే అమ్ముతున్నారు. మొన్న మా మనవడి 144 తెర మీద కాసేపు ఆడాను. బాగుంది. చాలా బాగుంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ 60తో ఎందుకు సరిపెట్టుకున్నట్టు?

కాబట్టి అబ్బాయ్, కార్డు కంటే ముందు తెర చూసుకో. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి కొత్త బొమ్మ చూపిస్తుంది. 144 అయితే దాదాపు 7, 240 అయితే 4.2. అంటే 60 నుంచి 144కి వెళ్తే పది మిల్లీసెకన్ల దాకా కలిసొస్తాయి. అక్కణ్ణుంచి 240కి పోతే మూడు కూడా రావు. ఆ మూడు కోసం ఇంట్లో పేచీ పెట్టి నెలల తరబడి వాయిదాలు కట్టించే పిల్లల్ని చూస్తున్నాను.

తెర బాగానే ఉందా? అయితే ప్రాసెసర్ చూడు. వాలరెంట్‌లో గానీ కౌంటర్ స్ట్రైక్ 2లో గానీ సెట్టింగులన్నీ "లో"లో పెట్టి, రిజల్యూషన్ కూడా తగ్గించి ఓసారి ఆడు. అప్పటికీ ఫ్రేములు పెరగలేదంటే నిన్ను ఆపుతున్నది కార్డు కాదు. పోటీ ఆటలన్నిటిలో ఎక్కువగా జరిగేది అదే. ముసలి ఎద్దుకు కొత్త బండి కడితే పరిగెడుతుందా? ఏఎం4 బోర్డు ఉన్నవాడు బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టుకుంటే కార్డు ఖర్చులో కొంత పెట్టి పని గడుపుకోవచ్చు. పాత బోర్డు మీద కొత్త కార్డు పెట్టేవాడికి ఇంకో చిక్కుంది. ఆర్‌టీఎక్స్ 4060, 5060 లాంటివి స్లాట్‌లో ఉన్న పదహారు లేన్లలో ఎనిమిదే వాడతాయి. పీసీఐ 3.0 బోర్డు మీద ఆ తేడా కొన్ని ఆటల్లో తెలుస్తుంది. ఇదంతా డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయరు కదా.

పేర్ల మాయ మా కాలంలో లేదని అబద్ధమాడను. 2002లో వచ్చిన జీఫోర్స్ 4 ఎంఎక్స్, పేరులో 4 ఉన్నా, అంతకు ముందేడాది వచ్చిన జీఫోర్స్ 3 షేడర్లతో చేసే పనులు చేయలేకపోయేది. కానీ చాందినీలో కౌంటర్ వెనకున్న మనిషి చీటీ చూసి "దాదా, ఇది మీకొద్దు" అనేవాడు. అక్కడే బిగించి, ఆట ఆడించి చూపించి, అప్పుడు డబ్బు తీసుకునేవాడు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎస్ప్లనేడ్‌లో 36 నంబరు ట్రామెక్కితే మైదాన్ చెట్ల కింద నింపాదిగా ఖిదిర్‌పూర్ చేర్చేది. 2020లో అంఫన్ తుఫాను వచ్చాక ఆ ట్రామూ పోయింది. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరు మీద 8 జీబీది ఒకటి, 6 జీబీది ఇంకొకటి ఉన్నాయి. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటావు. రెండోదాంట్లో కోర్లు కూడా తక్కువ. ఫోన్లో వేలితో నొక్కి కొనేవాడికి వద్దని చెప్పేదెవరు?

ఇక ఆ కల్పిత ఫ్రేములు! 2025 జనవరిలో ఎన్విడియా పెద్దాయన జెన్సన్ హువాంగ్ వేదికెక్కి 5070 కార్డు 4090 అంత పని చేస్తుందన్నాడు. ఆ లెక్క నిలబడాలంటే కార్డు నిజంగా గీసే ఒక్కో ఫ్రేముకి మూడు కల్పించి చూపించాలి. కథల ఆటలకు పోనీలే అనుకుందాం. నువ్వు మౌస్ నొక్కిన సంగతి ఆ మూడింటికీ తెలియదు, పైగా మధ్యలోవి కల్పించడానికి అసలు ఫ్రేముని కాసేపు ఆపి ఉంచుతారు. ఎదుటివాడు నీకంటే ముందు కాల్చే ఆటలో దానితో ఏం ఒరుగుతుంది?

వేడి సంగతి కూడా ఆలోచించు. 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతో, వేరే కరెంటు వైరు లేకుండా పనిచేసేది. ఇప్పటి 5090కి 575 వాట్లు కావాలి. కిటికీ ఒక్కటే ఉన్న మన వాట్‌గంజ్ గదిలో మే నెలలో అది పెట్టుకుని కూర్చుంటావా? నీ ఆటకు అందులో నాలుగో వంతు తాగే కార్డు చాలు. మిగిలిన డబ్బుతో మంచి ఎస్ఎంపీఎస్ కొనుక్కో, పేరు లేనిది ముట్టుకోకు.

ఇంత చెప్పినా నువ్వు కొత్తదే కొంటావని తెలుసు. కొనుక్కో. ఆ పాత జీటీఎక్స్ 1060 మాత్రం ఎవడికో తక్కువకి అమ్మెయ్యకు, నాకు తెచ్చియ్యి, మంచి ధరే ఇస్తాను. ముందుగదిలో ఒక కంప్యూటర్ ఇంకా ఉంది, దానికి సరిపోతుంది. మీ మనవళ్ల తరం కూడా 1.6 ఆడకుండా పెరగడం నాకిష్టం లేదు.