మిసిసిపీ పోరగాళ్లు, నడిగడ్డ అభిమానులు

సినిమా మీద ప్రేమ ముదిరితే మనిషి ఏం చేయాలన్న దానికి మా పాలమూరు నడిగడ్డ వైపు ఎప్పుడో ఖరారైన పద్ధతి ఒకటుంది. కటౌటు కట్టాలి, దండ వేయాలి, పాల ప్యాకెట్లు చింపాలి, కొబ్బరికాయ కొట్టాలి, హీరో తెరమీదికి రాగానే కాగితం ముక్కలు ఎగరేయాలి. గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చి, ఆ పూట సైగలతో అన్నం అడగాలి. అంతే. సినిమా నచ్చింది కదా అని అదే సినిమాను తాను మళ్లీ తీద్దామని ఎవడూ అనుకోడు. అనుకున్నవాణ్ని అభిమాని అనరు, నిర్మాత అంటారు. వాడికి పిల్లనివ్వడానికి కూడా జంకుతారు.

అమెరికాలో ముగ్గురు పిల్లలు సరిగ్గా అదే అనుకున్నారు. 1981లో స్పీల్‌బర్గ్ తీసిన ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’ తెలియనివాళ్లు తక్కువ. టోపీ, కొరడా, పాములంటే హడలు, అన్నీ ఉన్న పురావస్తు ప్రొఫెసర్ ఇండియానా జోన్స్ మొదటి సాహసం అది. మిసిసిపీ రాష్ట్రంలో ఓషన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో క్రిస్ స్ట్రాంపొలోస్, ఎరిక్ జాలా, జేసన్ లాంబ్ అనే పోరగాళ్లు దాన్ని షాటుకు షాటు మళ్లీ తీయడానికి 1982లో కూర్చున్నారు. లేచేసరికి 1989. వాళ్ల కథనే జెరెమీ కూన్, టిమ్ స్కౌసెన్ 2015లో ‘రైడర్స్!’ అని డాక్యుమెంటరీగా తీశారు. వనపర్తిలో మా బావ ఇంట్లో కొత్త టీవీ కొన్న సందర్భంగా ప్రారంభోత్సవానికి దాన్ని పెట్టింది నేనే. బావ పల్లీల కమీషన్ వ్యాపారి. ఏది చూసినా ముందు పెట్టుబడి ఎంతో అడుగుతాడు. కంటి పరీక్షకని గద్వాల నుంచి వచ్చిన మా పెద్దనాయన, వంటింటికీ హాలుకూ మధ్య గడపమీద అక్క, ఫోన్లోంచి తల ఎత్తని అల్లుడు, ఇదీ ప్రేక్షకలోకం.

నేపాల్‌లో సారా దుకాణం తగలబడే సీను ఒకటుంది కదా, దాన్ని ఆ పిల్లలు ఎరిక్ వాళ్లమ్మ ఇంటి కింద నేలమాళిగలో తీశారు. నిప్పు పెట్టి. నిజం నిప్పు. మనుషుల ఒంటిమీద కూడా.

“సొంతిల్లా, కిరాయా?” అన్నాడు బావ.

“సొంతిల్లే.”

“అయితే సరే. అడ్వాన్సు పోయే బాధ లేదు.”

అక్క మాత్రం వంటింట్లోంచి వచ్చి నిలబడే చూసింది. ఆ తల్లి ఏ జన్మలో ఏం చేసుకుందో అంది. మొహం కరిగిపోయే సీను కోసం ఎరిక్ మొహానికి అచ్చు తీయబోయి, పూసిన ప్లాస్టర్ రాయిలా బిగుసుకుపోతే ఆస్పత్రికి పరుగెత్తారని వచ్చినప్పుడు అల్లుడి చేతిలో ఫోను లాక్కుని, “చూడు, సినిమాలు సినిమాలంటే గిట్లైతది” అని అప్పజెప్పింది. వాడు ఆ రోజు మొదటిసారి తెరవైపు ఆసక్తిగా చూశాడు.

అసలు రసాభాస కోతి దగ్గర జరిగింది. సినిమాలో ఒక కోతి ఉంటుంది. పాపం ఆ పిల్లలకు కోతి దొరక్క, దాని బదులు ఇంటి కుక్కను పెట్టి లాగించారు. బావ సోఫాలోంచి లేచి కూర్చున్నాడు.

“కోతి దొరకలేదా? ఒక్క కోతి? గిదేం దేశం బామ్మర్దీ! మన సైడుకు రమ్మను. పల్లిచేను కాడికి తోల్కపోతా. కావల్సినన్ని పట్టుకపొమ్మను, దారి ఖర్చులకు ఎదురు పైసలిస్తా.”

ఈ సాయం మాటలో వెటకారం లేదు. పల్లిచేనులో కోతుల మంద దిగితే ఏమవుతుందో చూసినవాడి నిష్కల్మషమైన ఔదార్యం అది.

ఏడేళ్ల తర్వాత వాళ్ల చేతిలో అన్ని సీన్లూ ఉన్నాయి, విమానం పక్కన కొట్లాట, పేలుడు తప్ప. విమానం ఎక్కడినుంచి తెస్తారు? సినిమా అలాగే అటకెక్కింది. ఎవరెవరి ద్వారానో క్యాసెట్టు చేతులు మారి, 2002 చివర్లో ఆస్టిన్ నగరంలో జనం ముందు పడితే చప్పట్లు ఆగలేదు. స్పీల్‌బర్గ్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. అక్కడితో ఊరుకున్నారా? పెళ్లాలూ పిల్లలూ ఉద్యోగాలూ వచ్చిన వయసులో, 2014లో, చందాలు పోగేసి విమానం తయారుచేయించి ఆ ఒక్క సీనూ పూర్తిచేశారు. వాన పడి షూటింగు బురదైపోతుంటే, ఎరిక్ ఆఫీసుకు ఫోన్ చేసి ఇంకొన్ని రోజులు సెలవు కావాలని బతిమాలుకునే ఘట్టం ఉంది. పేలుడు కంటే అదే మా ఇంట్లో అందర్నీ కదిలించింది. ఉద్యోగం చేసినవాడెవడికైనా ఆ సినిమాలోలా కొండరాయి తరుముకొచ్చినా భయం లేదు గానీ, సెలవడిగితే అవతలివైపు వచ్చే ఆ నిశ్శబ్దం ఉంది చూడండి!

“లాభమెంతొచ్చింది?” అన్నాడు బావ ఆఖర్న. ఒరిజినల్ సినిమా హక్కులు వేరేవాళ్లవి కాబట్టి మామూలుగా రిలీజు చేసుకునే దారి లేదని చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు. దివాలా తీసినవాళ్ల ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పెద్దనాయనకు ఇవేవీ ఆనలేదు. “మా కృష్ణ ఎప్పుడో తీసిండు గదరా” అని ఒక్క మాటతో హాలీవుడ్‌ను పక్కకు నెట్టాడు. ఆయన చెప్పేది హీరో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ సంగతి. 1971లో కె.ఎస్.ఆర్. దాసు దర్శకత్వంలో, రాజస్థాన్ ఎడారుల్లో, గుర్రాలు, తుపాకులు, నిధి వేటతో వచ్చిన తెలుగు కౌబాయ్ సినిమా. ఇండియానా జోన్స్ పుట్టడానికి పదేళ్ల ముందు. తర్వాత ‘ద ట్రెజర్’ పేరుతో ఇంగ్లిషులోకి కూడా వెళ్లింది. 2023 మే 31న మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేస్తే పెద్దనాయన కంటి డాక్టరు వద్దన్నా వినకుండా పోయొచ్చాడు. ఆయన గద్వాల ఇంట్లో దేవుడి గూటికి ఎదురుగా ఒక ఫోటో ఉంటుంది. స్టూడియో పరదా మీద తాజ్‌మహల్. దాని ముందు పెద్దనాయన, నెత్తిన అట్ట టోపీ, నడుముకు చెక్క పిస్తోలు, కాళ్లకు మాత్రం పొలం చెప్పులు. ఫోటోగ్రాఫరు కింద కత్తిరిస్తానన్నాడట. పైసలిచ్చింది నిలువెత్తు ఫోటోకు, కాళ్లు ఎట్ల కోస్తవని గొడవపడి మరీ ఉంచుకున్నాడు.

ఆయన కాలపు అభిమానానికీ ఆ మిసిసిపీ పిల్లల అభిమానానికీ తేడా నాకు ఆ ఫోటోలోనే కనబడుతుంది. వాళ్లు సినిమాను ఇంటికి పట్టుకెళ్లారు. మనవాడు ఇంటిని వదిలేసి సినిమా దగ్గరికి పోయాడు. మనవాడికి సాహసం కథలో లేదు, టాకీసు బయట ఉంది. రీళ్ల డబ్బా బస్సులో వచ్చిందా లేదా, రెండు టాకీసుల మధ్య సైకిల్ మీద రీళ్లు మోసేవాడికి పంక్చరైతే ఇంటర్వెల్ ఎంతసేపు సాగింది, నేల టికెట్టు కిటికీలో చెయ్యి పెడితే గడియారంతో బయటికొచ్చిందా, గడియారం లేకుండా వచ్చిందా, ఆ కథలు ఇప్పటికీ మా ఇళ్లలో సినిమా కథ కంటే వివరంగా చెబుతారు. అందుకే మనవాళ్ల మీద డాక్యుమెంటరీ తీసేవాడెవడైనా ఉంటే నాదొక విన్నపం: కెమెరాను తెరకు వీపు తిప్పి పెట్టండి. బొమ్మ అటువైపు లేదు.

ఈ సంగతి జపాన్‌వాళ్లకు ఆలస్యంగానైనా తెలిసింది. 2017 డిసెంబరు ఆఖర్లో ‘బాహుబలి’ రెండో భాగం అక్కడ విడుదలైంది. చూసి ఊరుకోలేక కిరీటాలు, కత్తులు, చీరలు ధరించి వచ్చేవాళ్ల కోసం ప్రత్యేక ప్రదర్శనలు పెట్టారు. వాటిలో కేకలు వేయొచ్చు, గంటలు కొట్టొచ్చు, మాహిష్మతికి జై అనొచ్చు. 2018 ఏప్రిల్‌లో రాజమౌళి స్వయంగా వెళ్లి అలాంటి షో చూసొచ్చారు. ఇది చెప్పినప్పుడు మా ఇంట్లో అర్థంకాని విషయం ఒక్కటే.

“అరవడానికి వేరే షోనా? మిగతా షోలల్ల ఏం జేస్తరు?” అన్నాడు పెద్దనాయన.

“ఊరికే చూస్తారు.”

“మరి పైసలెందుకు పెడ్తరు?”

అభిమానుల కొట్లాటలు కూడా మాకు సినిమాలతో మొదలు కాలేదు. గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు. ఊరూరి నుంచి పండితులు సంభావనల కోసం వచ్చేవారు. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ తిరిగారు. వాళ్లకూ కొప్పరపు సోదర కవులకూ నడిచిన పోటీలో ఇటువైపువాళ్లు, అటువైపువాళ్లు పద్యాల్లో ఎంత ఘాటుగా తిట్టుకున్నారో చదివితే, ఈనాటి అభిమాన సంఘాల కుర్రాళ్లు మర్యాదస్తుల్లా కనబడతారు. కాకపోతే వాళ్లు ఛందస్సు తప్పకుండా తిట్టుకున్నారు. మనవాళ్లకు ఆ ఒక్క క్రమశిక్షణే కొరవడింది. 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లా ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలయ్యాక జిల్లా అధ్యక్షులు కూడా పెరిగారు. పరిపాలన ప్రజలకు దగ్గరైందో లేదో గానీ అభిమాన సంఘం మాత్రం గడపదాకా వచ్చింది.

నాకు ఆ అమెరికా పిల్లల మీద అసూయ పుట్టింది మాత్రం వేరే కారణానికి. వాళ్లకు కోట లేదు, గుడి లేదు, ఎడారి లేదు, అమ్మ ఇల్లొక్కటే ఉంది. మాకు అన్నీ ఉన్నాయి. గద్వాల కోట ఉంది. అందులో చెన్నకేశవస్వామి గుడితో పాటు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఉంది. కొల్లాపూర్‌లో సురభి రాజుల బంగళా ఉంది. నల్లమలలో పులులున్నాయి. రాజులు ఏలిన గోడల మధ్య మా పిల్లలు సప్లిమెంటరీలు రాసుకుంటున్నారు. మాహిష్మతి సెట్టు చూడ్డానికి మాత్రం టికెట్టు కొని రామోజీ ఫిల్మ్ సిటీకి పోతున్నారు.

గుళ్ల విషయమైతే ఇండియానా జోన్స్‌కే దిమ్మతిరగాలి. అతగాడు గుళ్లోంచి ఒక బంగారు బొమ్మ ఎత్తుకొస్తేనే అంత హడావుడి. మావాళ్లు గుళ్లకు గుళ్లే ఎత్తుకొచ్చారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, తెచ్చి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లూ అట్లాగే తరలివచ్చాయి. కొల్లాపూర్ వైపు సోమశిల, జటప్రోలు గుళ్లకు కూడా మిట్టకు మకాం మార్పించారు. చాళుక్యుల కాలం నాటి రాళ్లకు వరుస తప్పకుండా గుర్తులు వేసుకుని, ఏ రాయి పక్కన ఏ రాయో చూసి పేర్చాలి. ఒకటి తారుమారైతే నందీశ్వరుడు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడు సంగమేశ్వరుడి గుడిముందు నిలబడి, ఇది ఇక్కడ పుట్టింది కాదని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. దీనిమీద మాత్రం ఇంతవరకు ఒక్క కటౌటూ లేవలేదు. విప్పిన పెద్దమనుషులకు కొరడా, టోపీ లేవు. తువ్వాల ఉండి ఉంటుంది.

పైగా ఇండియానా జోన్స్ రెండో భాగం, 1984 నాటి ‘టెంపుల్ ఆఫ్ డూమ్’, మన దేశంలో జరిగే కథే. ఆ కథ చదివి మన ప్రభుత్వం షూటింగుకు ఒప్పుకోకపోతే శ్రీలంకలో తీసుకున్నారు. రాజుగారి విందులో కోతి మెదడు వడ్డిస్తారు. అమ్రీష్ పురి గుండెలు పీకుతాడు. మా సంస్థానాల రాజులు పండితులకు భోజనం పెట్టి శాలువా కప్పి పంపేవారని స్పీల్‌బర్గ్‌కు చెప్పినవాళ్లెవరూ లేకపోయారు. బావకు కోతి మెదడు సంగతి చెప్పగానే, “గిప్పుడు తెలిసింది వాళ్లకు కోతి ఎందుకు దొరకలేదో” అన్నాడు.

డాక్యుమెంటరీ ప్రభావం ఎవరిమీద పడాలో వాళ్లమీదే పడింది. అల్లుడు గద్వాలలోనే డిగ్రీ. అక్కడ తన జట్టుతో కోటలో సాహస చిత్రం తీస్తామని ప్రకటించాడు. బండరాయి దొర్లే సీనుకు పత్తి బేళ్ల గోనెపట్టా కప్పిన గుండు కూడా ఆలోచించాడు, మిసిసిపీకి ఏమాత్రం తీసిపోని బుర్ర. నేనూ ఉబ్బిపోయి కొంత చందా పంపించాను. తర్వాత హీరో ఎవరన్న చర్చ వచ్చింది. జట్టులో ఒక్కొక్కడిదీ ఒక్కో హీరో. ఎవడి హీరో నడక వాడు నడవాలి, ఎవడి హీరో ఎంట్రీ వాడికి కావాలి. దాంతో బండరాయి ఒక్కటే అయినా దాని ముందు పరుగెత్తేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ సమన్యాయం చేసి, చందా మొత్తం పెట్టి, బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో జట్టు అందరి మొహాలు, వాళ్ల హీరోల మొహాలు, ఒక మూల పెద్దనాయన కౌబాయ్ ఫోటో, ‘సమర్పణ’ అని నా పేరు. నా పేరులో అచ్చుతప్పు.

“షూటింగు ఎప్పుడ్రా?” అని ఫోన్ చేశాను.

“ఆగు మామా, ముందు సక్సెస్ మీట్ అయిపోనీ” అన్నాడు.