మొరిగే కంచె కరవదు

కురుపాం, కొమరాడ వైపు ఏనుగుల భయం, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్ల భయం, అడవిపంది భయం మాత్రం అన్ని వైపులా. కాబట్టి చేను చుట్టూ ఝట్కా మెషిను తీగ లాగిన రైతుని ఎవరూ తప్పుపట్టరు. గొడవంతా రేడియో దగ్గర. 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖ కేంద్రం వార్తలు చదువుతుంటే సెకనుకో టక్కు పడి, వాక్యం మధ్యలోనే పుల్‌స్టాపు పెట్టేస్తుంది. "ఏటి బావా, వార్తల్లో ఎవులో నాలిక సప్పరిస్తన్నారు" అని అరుగు మీద సణుగుడు, మెషిను ఆపించాలని తీర్పు. నా వాదన వేరు. ఆ టక్కు కంచె తన జబ్బు తానే చెప్పుకుంటున్న మాట. దాన్ని వెతికి పట్టుకుంటే వార్తలు బాగుపడటం కొసరు, పంట దక్కడం అసలు.

ఝట్కా మెషిను సుమారు సెకనుకోసారి అయిదు నుంచి పదివేల వోల్టుల దెబ్బ తీగలోకి వదులుతుంది. అది సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు కనక పశువు ఉలిక్కిపడి పారిపోతుందే గాని చావదు. తీగ నిక్షేపంగా ఉంటే ఆ దెబ్బ పంది ముక్కు కోసం కాచుకుని ఉంటుంది. రేడియో తీగ పక్కన పెడితే తప్ప పెద్దగా వినపడదు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ముడి, ఎండకి పగిలిన ఇన్సులేటరు, తీగ మీదికి ఒరిగిన గడ్డి, ఎక్కడ వెంట్రుకవాసి సందు దొరికినా అక్కడ నిప్పురవ్వ దూకుతుంది. రవ్వ రేడియో తరంగాల్ని పుట్టిస్తే, పొలం చుట్టూ ఉన్న తీగంతా దానికి ఏరియల్. 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించిన సంకేతమూ నిప్పురవ్వలో పుట్టిందే. ఆయనకి 1909లో నోబెల్‌లో సగం ఇచ్చారు, మన రైతుకి అదే పనికి తిట్లు. పందికి చేరవలసిన దెబ్బ ఆకాశవాణికి చేరుతోందన్నమాట. పట్టుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు, పాత ట్రాన్సిస్టరు చాలు. మెషిను ఒక్క నిమిషం ఆపితే టక్కూ ఆగాలి. ఆగకుండా ఒకటే బుర్రుమంటుంటే నేరం కరెంటు స్తంభానిదో, ఎల్‌ఈడీ బల్బుదో. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి రేడియోని నెమ్మదిగా తిప్పితే, లోపలి ఫెర్రైట్ కడ్డీ కొస దోషం వైపు చూసినప్పుడు చప్పుడు తగ్గుతుంది. నోరు మూసుకున్న దిక్కే ముద్దాయి. తీగ దగ్గరికొచ్చాక ఈ కిటుకు పారదు, తీగంతా మోగుతుంది కనక. అక్కణ్నుంచి వాల్యూము తగ్గించుకుంటూ, గట్టిగా మోగే చోటు కోసం నడవడమే. చీకటి పడ్డాక వెళితే రవ్వ కంటికే కనిపిస్తుంది. పాములూ కనిపిస్తాయి, అది వేరే వ్యాసం.

చప్పుడు లేని కంచెలన్నీ ఆరోగ్యమేనా అంటే, కాదు. తీగ తడిగడ్డిలో పడుకున్నా, ఎర్తింగు కడ్డీ వేసవి మట్టిలో ఎండిపోయినా దెబ్బ తగ్గుతుంది, రేడియో నోరెత్తదు. అన్నిటికన్నా నిశ్శబ్దంగా చంపేది మెషినే లేకుండా లైను కరెంటు తగిలించిన తీగ. దానికి సెకను విరామం లేదు, పట్టుకున్నవాణ్ణి వదలదు. కరెంటుకి ఏనుగే ఆగలేదు: 2023 మేలో భామిని మండలం కాట్రగడ్డ దగ్గర నాలుగు ఏనుగులు షాక్ కొట్టి చనిపోయాయి. ఇక ఈ రోజుల్లో మీడియం వేవ్ ఎవరు వింటున్నారన్న ఎత్తిపొడుపు ఉండనే ఉంది. ఎవరూ వినకపోతే మరీ మంచిది, వెతకడానికి ట్రాన్సిస్టరు ఖాళీగా దొరుకుతుంది. ఎఫ్‌ఎం ఈ టక్కుల్ని అంతగా పట్టించుకోదు, సెల్‌ఫోను అసలే పట్టించుకోదు. ఈ పనికి అటక మీది ముసలి పెట్టే కావాలి. ఖర్చల్లా రెండు బ్యాటరీలు, తాతగారు దాన్ని ముట్టుకోనిస్తే.