నా జ్వరానికి పేరు పెట్టండి మహాప్రభో

కైకలూరు పౌరుణ్ని, ఇంటిపన్ను బకాయి లేనివాణ్ని, తరతరాలుగా దోమల్ని పోషిస్తున్న వంశంవాణ్ని మనవి చేసుకుంటున్నాను. నాకు జ్వరం వచ్చింది. రావడం వింత కాదు. చుట్టూ చేపల చెరువులు, దిగువన కొల్లేరు, గుమ్మం ముందు కదలని మురుక్కాలువ. నా ఆక్రోశమల్లా ఆ జ్వరానికి ఇంతవరకు నామకరణ మహోత్సవం జరగలేదనే.

మొదటి డాక్టరుగారు తలెత్తకుండానే 'వైరల్' అన్నారు. రెండో ఆయన 'టైఫాయిడ్ ఛాయలున్నాయి' అన్నారు. ఛాయలట! ఎదురింటి బాబాయిగారు దిష్టన్నారు, మా ఆవిడ రాత్రిపూట పెరుగన్నమంది. టోకెన్ తీసుకుని, బెంచీ మీద చోటు సంపాదించి, రక్తం సమర్పించి, రిపోర్టుకు సాయంత్రం రమ్మంటే వెళ్లి, 'డాక్టరుగారు ఇప్పుడే వెళ్లిపోయారండీ' అనిపించుకుని... మీకు చెప్పాలా? మీరూ అక్కడే ఉన్నారుగా. నా పక్కనే.

ఇక మందుల చీటీ. అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని వైద్య మండలి 2016లోనే నిబంధన మార్చింది. నా చీటీలో ఉన్నవి ఒక అల, దానికో తోక, కింద 1-0-1. అంకెలు మాత్రం దివ్యంగా ఉన్నాయి.

నవ్వేసి ఊరుకుందామంటే మనసొప్పదు. 2002 జూలైలో హైదరాబాదులో కిషన్‌రావుగారని ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. విషమించాక వేరేచోటికి మారిస్తే తేలింది మలేరియా అని. ఆవిడ దక్కలేదు. ఆయన ఉద్యోగం ఎక్కడనుకున్నారు? మలేరియా విభాగంలో.

ఆయన ఫిర్యాదు మీద జిల్లా వినియోగదారుల ఫోరం ఆసుపత్రిని 2 లక్షల పరిహారమిమ్మంటే పైకమిషన్లు కాదన్నాయి. నిపుణుడి సాక్ష్యమేదీ అన్నాయి. తప్పు కళ్లకు కడుతున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుణ్ని తెమ్మనక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు ఆ 2 లక్షల్ని నిలబెట్టింది. ఎనిమిదేళ్లకు.

డాక్టర్ల మీద నాకు పగలేదు. పొరపాటల్లా నిర్లక్ష్యం కాదని కోర్టులే అంటాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోతే, డాక్టర్లు కారణం తెలియదని ఒప్పుకుని ఎయిమ్స్ దాకా నమూనాలు పంపారు. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. వెతికారు కదా, అది చాలు. నా జ్వరాన్ని వెతికినవాడే లేడు.

కనుక తోటి జ్వరపీడితులారా, చీటీలు పారెయ్యకండి. రిపోర్టులు కవర్లో పెట్టి బీరువాలో దాచండి. ఆసుపత్రిలో చేరినవాళ్లు అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. వినియోగదారుల కమిషన్‌కెక్కడానికి గడువు రెండేళ్లే.