ద్వితీయధారణ దోషము

ధర్మశాస్త్రములయందు ఎక్కడను కానరాని మహాపాతకమొకటి ఇటీవల మన కడప జిల్లాలో ప్రబలినది. ఒక శుభకార్యమునకు కట్టిన చీరను, ఆ కార్యమునకు వచ్చిన బంధుకోటిలో ఒక్కరైనను ఉండు మరియొక శుభకార్యమునకు కట్టుటయే ఈ పాతకము. దీనికి సాక్షులను వెదుకనక్కరలేదు, భోజనపంక్తిలోనే కూర్చుండియుందురు. తాను తెచ్చిన అప్పునకు గడువెప్పుడో మరచిపోగల ఇల్లాలు, ఎదుటి పంక్తిలోని వదినగారి చీరయంచు ఏ యేట, ఎవరి ముంగిట, ఏ జాకెట్టుతో కనబడినదో రెప్పపాటులో చెప్పివేయును. "ఏం వొదినా, ఇది మన చిన్నత్తోళ్ళ గృహప్రవేశానికి కట్టుకున్న్యావు గదా! ఇంగా రంగు పోలేదే!" అని ఆమె చిరునవ్వుతో పలికినదో, తీర్పు వెలువడినట్లే. ఆ మెచ్చుకోలు విన్నవారికి అటుపైన ఓళిగ గొంతు దిగదు.

పూర్వము ఈ దోషమునకు భూగోళమే పరిహారముగా నుండెడిది. ప్రొద్దుటూరు పెండ్లిలో పాతబడిన పట్టుచీర ఎఱ్ఱబస్సెక్కి జమ్మలమడుగు చేరునప్పటికి మరల కొత్తదగును. అక్కడినుండి పెన్న దాటి, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరినదో, అంగడి మడత విప్పని చీరయే! ఒక్క ధర్మవరము చీరతో మూడూళ్ళ ముహూర్తములను గౌరవముగా గట్టెక్కించిన మన తల్లులు, ఏ చీర ఏ ఊరు చూచినదను లెక్కను కాగితమెరుగకయే నడిపిరి. వాట్సాప్ స్టేటస్ వచ్చి ఆ సదుపాయమును సమూలముగా పెకలించినది. నేడు ప్రొద్దుటూరులో తలంబ్రాలు పూర్తిగాకమునుపే చీర బొమ్మ పులివెందుల చేరును. మనిషి చేరునప్పటికి చీర పాతబడియుండును. మగ్గం వర్కు చేయించిన జాకెట్టు తొడిగి పాత చీరను మారువేషమున పంపజూచువారు కలరు గాని, జాకెట్టు కూలి చీర వెలను మించుటయే తప్ప ఫలము లేదు, అంచు పట్టిచ్చును.

జమ్మలమడుగు పరిసరముల నేతగాడు గుంతమగ్గములో కాళ్ళు దించి, తెగిన పోగునెల్ల ముడివేయుచు, రెండు తరములు నిలువవలెనని నేసిన వస్త్రమునకు ఒక్క పూట ఆయుర్దాయము విధించిన నాగరికత మనది.

ఇక పురుషుల సంగతి. జమ్మలమడుగులో జన్మించి, అక్కడి క్యాంబెల్ ఆసుపత్రిలో వైద్యము చేసి, 1978లో పులివెందులనుండి శాసనసభకు వెళ్ళిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు 2003లో చేవెళ్ళనుండి ఇచ్ఛాపురము వరకు ఎండలో నడిచినప్పుడు, దారిపొడవునను అదే తెల్లని పంచెకట్టు. "నిన్నటి మాదిరే కట్టినాడే" అని ఏ రచ్చబండయు ఆక్షేపించకపోగా, ఆ కట్టును అనుచరులనేకులు అనుకరించిరి. మగవాడు మరల మరల కట్టినది బిరుదమగును. ఆడుది రెండవమారు కట్టినది బీదరికమగును. ఈ న్యాయము కడపకే పరిమితము కాదు. ఆస్ట్రేలియాలో కార్ల్ స్టెఫానోవిక్ అను టీవీ వ్యాఖ్యాత, తనతో కూర్చుండు స్త్రీల దుస్తులమీదనే ప్రేక్షకులు విరుచుకుపడుట చూచి, ఒక్క నీలిసూటునే దాదాపు ప్రతిదినము ఏడాదిపాటు తొడిగెను. ఎవరును పసిగట్టకపోవుటచే, చివరకు 2014లో ఆయనయే నోరు విప్పి చెప్పుకొనవలసివచ్చెను. పంక్తిలోని మన ఇల్లాలిని ఆ టీవీ ముందు కూర్చుండబెట్టినను ఆయన దొరకియుండడు. ఆమె జ్ఞాపకశక్తి స్త్రీలకే అంకితము.

ప్రొద్దుటూరు దసరాను చూడుడు. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారికి దినమునకొక అలంకారము. నిరుడు చేసిన అలంకారమే ఈ యేడును చేయుదురు, జనులు చేతులు మోడ్తురు. ఆ మోడ్చిన చేతులవారిలో నిరుటి చీర కట్టివచ్చిన ధైర్యశాలిని ఒక్కతెయున్నచో, అమ్మవారిని చూడవలసిన కన్నులలో సగము అటు తిరుగును.

పసిడికిని వస్త్రములకును రెండవ బొంబాయియని పేరొందిన ఆ ఊరి అంగళ్ళలో ఈ పాతకమునకు ప్రాయశ్చిత్తము నగదుకును అప్పుకును దొరకును. పోయిన నెల బాకీ తీరకమునుపే వచ్చిన ఇల్లాలు రెండు చీరల నడుమ సందేహించుచుండగా, ఏండ్ల తరబడి అదే తెల్లచొక్కా, అదే తెల్లపంచెతో మెత్తపై కూర్చున్న షావుకారు మూడవ చీర విప్పి పరచుచు, "కట్టిందే మళ్ళా కట్టుకొని పోతే నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అని జాలిగా అనును.