భుజాలు దించండి బాబూ

మా రోజుల్లో నడుం పట్టేస్తే, ఎదురుకాళ్లతో పుట్టినవాడు ఊళ్లో ఎవడున్నాడా అని వాకబు చేసి, వాడిచేత మెల్లిగా తన్నించుకునేవాళ్లం. తగ్గకపోతే వేడి ఇసుక మూటతో కాపడం, వావిలాకు నీళ్లతో స్నానం. గొప్ప వైద్యమని వాదించను గానీ, చవక వైద్యం. మొన్న మా మనవడికి మెడ పట్టేస్తే వాడు వెళ్లింది ‘పోశ్చర్ కరెక్షన్, బ్రెత్‌వర్క్ వర్క్‌షాపు’కి. ఫీజెంతరా అంటే “నీకెందుకులే తాతయ్యా” అన్నాడు.

యోగా మీద నాకేం కోపం లేదు. దాన్ని కూడా ఆఫీసు పనిలాగే చేస్తున్నారనే నా గోల. ఒంటికి అతుక్కునే బట్టలు, రబ్బరు చాప, ఊపిరి పీల్చమని గుర్తుచేసే వాచీ. సూర్యనమస్కారాలు ఎవరో వెనక తరుముతున్నట్టు లాగించేస్తారు. తీరా శవాసనం వంతు వచ్చేసరికి క్యాబ్ వచ్చిందని చాప చుట్టేస్తారు. కండరాల బిగువు వదలాల్సింది అక్కడే కదా! ఓ ఆదివారం వాణ్ణి నా ఎదుటే పడుకోబెట్టాను. కళ్లయితే మూశాడు. పళ్లు మాత్రం బిగబట్టాడు, కనుబొమలు ముడేశాడు, భుజాలు నేలకి ఆనకుండా చెవుల దాకా ఎక్కి కూర్చున్నాయి. శవాసనం అన్నందుకు నిజంగానే కొయ్యబారిపోయాడు వెధవ. పైగా “రిలాక్స్ అవుతున్నాను, మాట్లాడించకు తాతయ్యా” అని కసిరాడు.

పతంజలి యోగసూత్రాలు రెండొందలకి నాలుగైదు తక్కువ. వాటిలో ఆసనం గురించి చెప్పినవి మూడే. ఆ మూడింట్లో ఒకటి ప్రయాసని సడలించమనే చెబుతుంది. మనవాళ్లు అదొక్కటీ తప్ప అన్నీ చేస్తారు.

ఊపిరి సంగతీ అంతే. పాత యోగ గ్రంథాలు రోజుకి 21,600 ఊపిర్లని లెక్క కట్టాయి, అంటే నిమిషానికి 15. ఊపిరి తీసే పని ముఖ్యంగా పొట్టకీ రొమ్ముకీ మధ్యనుండే డయాఫ్రమ్‌ది. లాప్‌టాప్ మీదికి వంగి పొట్ట నొక్కుకుని కూర్చుంటే అది సరిగా దిగదు. అప్పుడా చాకిరీ మెడ, భుజాల కండరాల మీద పడుతుంది. దానికి తోడు ముందుకు వాలిన తల బరువొకటి, దగ్గర దగ్గర ఐదు కిలోలు. రోజంతా ఇదే తంతైతే మెడ పట్టేయక ఏం చేస్తుంది?

మా డ్రిల్లు మాస్టారు మమ్మల్ని గోడకి నిలబెట్టేవారు. మడమలు, పిరుదులు, వీపు, తల వెనక భాగం గోడకి తగలాలి. గడ్డం పైకెత్తి దొంగాట ఆడితే ఈతబెత్తం. ఆయన శిక్షగా తీయించిన గుంజీళ్లని ఇప్పుడు ‘సూపర్ బ్రెయిన్ యోగా’ అని నేర్పుతున్నారు. ఆయనుంటే రాయల్టీ అడిగేవారు. పీట మీద బాసింపట్టు వేసుకుని తినడం, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, నూతిలో నీళ్లు తోడడం, ఒంటికి ఏదో ఒక కదలిక ఉండేది. అలాగని ఆ కాలంలో అందరూ నిటారుగా ఉన్నారని కోతలు కొయ్యను. నాట్లేసిన ఆడవాళ్ల నడుముల గోడు అప్పుడెవరు విన్నారు?

2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షలమందికి పైగా కలిసి ఆసనాలు వేశారు. సంతోషం. టీవీలో అదంతా చూసి మురిసిపోయిన మా కోడలు “చూశారా మామయ్యగారూ” అంది సోఫాలో కూరుకుపోయి, ఫోను ఒళ్లో పెట్టుకుని, మెడ వేలాడేసి.

మావాడికి చివరికి నేను చెప్పింది చాలా చిన్న పని. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకోవాలి. పీల్చినప్పుడు చెయ్యి లేవాలి, భుజాలు కాదు. విడిచేది నిదానంగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు విడవాలి. ఊపిరి విడిచేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గడం శరీర ధర్మం. ఆ తర్వాత భుజాలు గట్టిగా బిగించి ఒక్కసారి వదిలెయ్యాలి. బిగువంటే ఏమిటో తెలిస్తేనే కదా వదలడం తెలిసేది. ఇది నా కనిపెట్టుడేం కాదు, ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా డాక్టరు 1929లోనే పుస్తకం రాశాడు. నాలుగోసారికి మావాడి దవడ జారింది, కాసేపటికి గుర్రు కూడా పెట్టాడు. ధ్యానం కాదనుకోండి, అయినా నేను లేపలేదు.

బీపీ, హెర్నియా ఉన్నవాళ్లు వీడియో చూసి కపాలభాతి మొదలెట్టకండి. నొప్పి చేతిలోకో కాల్లోకో పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా ముందు డాక్టరుకి చూపించుకోండి. తక్కినవాళ్లు పొద్దున్నే ఆరింటికి మా కాలనీ పార్కుకి రావచ్చు. ఫీజు లేదు. దుప్పటి మీరే తెచ్చుకోండి, ఫోను ఇంట్లో పెట్టి రండి.