పులి హాజరు వేసింది!

అమ్రాబాద్ అడవికి సఫారీకెళ్లి పులి కనబడలేదని ఓ పెద్దమనిషి అలిగాడు. జీపెక్కింది మొదలు ఫోన్లో డీజే పాటలు, ‘అదిగో పులి!’ అంటూ కేకలు. తీరా చూస్తే చుక్కల దుప్పి. చారలకీ చుక్కలకీ తేడా తెలియని కళ్లకు పులి ఎదురొచ్చినా ఏం లాభం?

జంతువులు నెమ్మదిగా దాటుకోవాలని ఈ అడవి మీదుగా వెళ్లే శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. మిగతా 15 గంటలూ మన రాజ్యమే. కారద్దం దించి కోతులకు చిప్స్ విసరడం, ఖాళీ ప్యాకెట్ అడవితల్లికి సమర్పించడం. అవి అలవాటుపడి చేతిసంచీ లాక్కుంటే మాత్రం ‘అటవీశాఖ ఏం చేస్తోంది?’

పులి గడుసుది. బాటపక్క తడిమట్టిలో పంజా ముద్రేసి, హాజరైనట్టు చూపించి, డీజే వినబడని లోయలోకి డ్యూటీ మార్చుకుంది.